గాడిలో మురికి నీళ్లు: పాత ఎల్పీలు కడిగే ప్రాజెక్టు డైరీ

ఇంట్లో పాత హెచ్ఎంవీ, కొలంబియా రికార్డులు ఉండి, వాటిని కడిగి వినాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో, ఎంత ఖర్చయిందో వరుసగా ఉంటుంది. ముందే ఒక మాట. రికార్డును రుద్దడం సులువు. రుద్దినప్పుడు ఊడిన మురికిని నీళ్లతో సహా, ఆరిపోకముందే గాడిలోంచి, అంటే ముల్లు నడిచే సన్నటి కాలువలోంచి, బయటికి లాగడం కష్టం. కింద రాసిన ఫెయిల్యూర్లలో చాలావరకు ఈ రెండో పని దగ్గరే వచ్చాయి.

ఊరు హైదరాబాద్. సరుకు సుమారు 180 ఎల్పీలు (వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన 12 అంగుళాల రికార్డులు), 60 ఈపీలు (7 అంగుళాల చిన్నవి), 35 దాకా 78 ఆర్పీఎం ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపువి). కొన్ని ఇంట్లోవి, కొన్ని చుట్టాలు అటక దించి ఇచ్చినవి, మిగతావి జుమ్మేరాత్ బజార్‌లో కొన్నవి. ప్లేయర్‌కి ఆడియో టెక్నికా ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని ఉండే భాగం) ఉంది, ముల్లు బరువు 2 గ్రాములకు పెట్టాను. ప్లేయర్, కార్ట్రిడ్జ్ ఖర్చు ఈ లెక్కల్లో కలపలేదు.

దశ 1: కడిగే ముందు కొలత

"కడిగాక బాగా వినిపిస్తోంది" అన్నది నమ్మదగిన మాట కాదు. కష్టపడి కడిగిన చెవికి అన్నీ బాగానే వినిపిస్తాయి. అందుకని మూడు రికార్డులు పరీక్షకు పక్కన పెట్టాను.

ఎ: బాలమురళీకృష్ణ గారి కచేరీ ఎల్పీ. ఆలాపనలో తంబుర తప్ప వేరే చప్పుడు లేని చోట్ల ప్రతి టిక్కూ (మురికి వల్లో గీత వల్లో వచ్చే చిన్న టప్పుమనే చప్పుడు) బయటపడుతుంది.
బి: ఘంటసాల గారి భగవద్గీత. శ్లోకం పాడాక తాత్పర్యం మాటల్లో చెప్తారు. ఆ మాటల మధ్య ఖాళీల్లో చిటపట దాక్కోలేదు.
సి: సినిమా పాటల ఎల్పీ, వాన తడికి బూజు పట్టింది.

కొలిచే పద్ధతి:

1. రికార్డును ముందు రెండుసార్లు పూర్తిగా ప్లే చెయ్యాలి. పైపైన ఉన్న దుమ్మును ముల్లే కొంత తోసేస్తుంది. ఇది చెయ్యకపోతే ఆ లాభం కూడా కడగడం ఖాతాలో పడుతుంది.
2. ప్రతిసారీ ముల్లు శుభ్రం చేసి, బరువు గేజ్‌తో సరిచూడాలి.
3. ఒకే చోటు, ఒకే నిమిషం, ఒకే వాల్యూమ్‌లో ఆడాసిటీలో (కంప్యూటర్‌లో శబ్దం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) రికార్డు చెయ్యాలి.
4. శబ్దాన్ని బొమ్మగా చూపించే స్పెక్ట్రోగ్రామ్ వ్యూలో టిక్కులు నిలువు గీతల్లా కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టాలి.

మొదటి లెక్క, నిమిషానికి టిక్కులు: ఎ 64, బి 71, సి 140 పైన. సి విషయంలో 140 దాటాక గీతలు ఒకదానిమీద ఒకటి పడి లెక్క కుదరలేదు.

ఇంకో కొలత చాలా పనికొచ్చింది. 0.1 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా మీద రికార్డును కడిగే ముందూ, తుడిచాకా తూచడం. తేడా ఎంత ఉంటే గాడుల్లో అంత నీరు మిగిలినట్టు.

ఇప్పటికి ఖర్చు: కాటా 400, ముల్లు బరువు గేజ్ 600, టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) 250, కార్బన్ ఫైబర్ బ్రష్ 900. మొత్తం రూ. 2,150.

దశ 2: పొడి బ్రష్, కుళాయి నీళ్లు

కార్బన్ బ్రష్‌తో ఎ 64 నుంచి 60కి వచ్చింది. అంటే దాదాపు ఏమీ మారలేదు. ఈ బ్రష్ ప్రతిసారీ ప్లే చేసే ముందు కొత్తగా పడిన దుమ్ము తియ్యడానికి మంచిది. ముప్ఫై నలభై ఏళ్లుగా గాడి అడుగున గట్టిపడిన మురికి జోలికి అది పోదు.

తర్వాత చాలామంది చెప్పే పద్ధతి: కుళాయి కింద పెట్టి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో తుడవడం. ఎ రికార్డు 91కి పెరిగింది. కడగక ముందుకంటే అధ్వాన్నం.

కారణం టీడీఎస్ మీటర్ చెప్పింది. మా బోరు నీళ్లు 780 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల నీటిలో 780 పాళ్లు ఉప్పులు. మైక్రోఫైబర్ గుడ్డతో రెండు వైపులా బాగా తుడిచాక కూడా కాటా మీద 1.4 గ్రాములు ఎక్కువ చూపించింది. ఆ 1.4 గ్రాముల నీరు గాడుల్లోనే ఆరింది, అందులోని ఉప్పులు ఒక మిల్లీగ్రాము పైనే గాడి గోడలకు అంటుకున్నాయి. ఒక మిల్లీగ్రాము ఏపాటిది అనిపిస్తుంది. కానీ గాడి వెడల్పు పైన 50 మైక్రాన్లు, అటూ ఇటూగా. అంటే తల వెంట్రుక కన్నా సన్నం. అందులో రాలిన సున్నం పలుకు ముల్లుకు బండరాయే.

నీళ్ల లెక్కలు, ఎవరింట్లోవి వాళ్లు కొలుచుకోవడం మేలు:

బోరు: 780
ఆర్వో: 60
పెట్రోల్ బంక్ దగ్గర కొన్న బ్యాటరీ వాటర్: 2
ఇంకో కొట్టులో కొన్న బ్యాటరీ వాటర్: 45

చివరి రెండింటి మీదా డిస్టిల్డ్ అనే రాసుంది. క్యాను మూత తీసి మీటర్ పెట్టి చూడకుండా వాడకండి. 5 లోపు ఉంటేనే నేను వాడుతున్నాను.

ఇప్పటికి ఖర్చు: నీళ్లు, గుడ్డలు, బ్రష్‌లు కలిపి 450. మొత్తం రూ. 2,600. కడిగినవి: ఒకటే, అదీ మళ్లీ కడగాల్సినదే.

దశ 3: ద్రావణం

ఒట్టి డిస్టిల్డ్ వాటర్ గాడిలోకి దిగదు. వినైల్ మీద పూసలు పూసలుగా నిలబడిపోతుంది. నీరు పరుచుకోవాలంటే సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కావాలి. గిన్నెల లిక్విడ్‌లో, షాంపూలో కూడా అది ఉంటుంది కానీ వాటితోపాటు రంగు, వాసన, మెరుపు కోసం వేసినవి ఉంటాయి, అవన్నీ గాడిలో పొరగా మిగులుతాయి. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన రికార్డులకు వాడే ద్రావణం కూడా నాన్-అయానిక్ (విద్యుదావేశం లేని) సర్ఫాక్టెంట్, ఉప్పులు లేని శుద్ధమైన నీరు కలిపిందే. నాకు ల్యాబ్ కెమికల్స్ కొట్టులో ట్రైటాన్ ఎక్స్-100 అనే అలాంటి సర్ఫాక్టెంట్ దొరికింది. తేనెలాగా చిక్కగా ఉంటుంది. నేరుగా లీటరులో చుక్కలు వేస్తే అడుగున ముద్దగా ఉండిపోతుంది, గంటసేపు కలిపినా పూర్తిగా కరగదు. అందుకని రెండు మెట్లలో:

1. 90 మి.లీ. గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో 10 మి.లీ. ట్రైటాన్ పోసి, నురగ రాకుండా నెమ్మదిగా కలిపి రాత్రంతా ఉంచాలి. ఇది మూల ద్రావణం.
2. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు మూల ద్రావణం 5 మి.లీ. చాలు.
3. జిడ్డు, వేలిముద్రలు ఎక్కువున్న వినైల్‌కు మాత్రం ఇందులో 50 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతాను.

మూడో మెట్టు 78 ప్లేట్లకు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. ఆల్కహాల్ కలిపిన సీసా మీద ఎర్ర టేపు చుట్టి, వేరే అరలో పెట్టాను.

మొదట మూల ద్రావణం లీటరుకు 20 మి.లీ. వేసి చూశాను. నురగ బాగా వచ్చింది, మురికీ ఊడింది, కానీ ప్లే చేస్తుంటే ఐదో నిమిషానికల్లా ముల్లు చుట్టూ తెల్లటి గుజ్జు చేరింది. అది మిగిలిపోయిన సర్ఫాక్టెంటే. 5 మి.లీ.కి తగ్గించాక కూడా పూర్తిగా పోలేదు. మందు తగ్గించినంత మాత్రాన సరిపోదని, చివర్లో ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడగాలని అప్పుడు తేలింది.

రుద్దడానికి కొసలు సన్నబడిన కుచ్చులున్న సాఫ్ట్ టూత్‌బ్రష్ అన్నిటికన్నా బాగుంది. షేవింగ్ బ్రష్ మరీ మెత్తన, గాడిలోకి దిగదు. మైక్రోఫైబర్ గుడ్డ పైన తుడుస్తుంది, అడుగుకు పోదు. బ్రష్‌ను గాడి తిరిగే దారిలోనే తిప్పాలి, అడ్డంగా ఎప్పుడూ వద్దు.

లేబుల్ తడవకుండా 105 మి.మీ. అక్రిలిక్ బిళ్లలు రెండు కోయించి, అంచుకు రబ్బరు వాషరు అతికించి, బోల్టుతో బిగించాను. ఎల్పీ లేబుల్ 100 మి.మీ. ఉంటుంది కాబట్టి ఆ కొలత సరిపోయింది.

ఎ రికార్డు: గుడ్డతో తుడిచి ఆరబెడితే 31. మంచి దిగుదలే. కానీ కాటా ఇంకా 1.2 గ్రాముల నీరు చూపిస్తూనే ఉంది.

ఇప్పటికి ఖర్చు: ట్రైటాన్ 700, ఆల్కహాల్ 350, అక్రిలిక్ బిళ్లలు 300. మొత్తం రూ. 3,950. కడిగినవి: 9 ఎల్పీలు.

దశ 4: నీళ్లు లాగే గొట్టం

అసలు పని ఇక్కడ జరిగింది. 20 నిమిషాల ఎల్పీ వైపు ఒకటి తీసుకుంటే, నిమిషానికి 33⅓ చుట్ల లెక్కన 666 చుట్లు. సగటు చుట్టు 65 సెంటీమీటర్లు. అంటే ఒక వైపున 430 మీటర్ల పొడవున ఒకే గాడి. గుడ్డ దాని పైఅంచులను తాకుతుంది, అడుగుకు చేరదు. అడుగున ఉన్న నీటిని గాలే లాగాలి.

రెడీమేడ్ వ్యాక్యూమ్ మెషీన్లు ఉన్నాయి, ధర నా చేతికి అందేది కాదు. తడి, పొడి రెండూ లాగే మామూలు వ్యాక్యూమ్ క్లీనర్‌కు సీపీవీసీ గొట్టం బిగించి చేసుకున్నాను. పొడివి మాత్రమే లాగే క్లీనర్‌తో ఈ పని చెయ్యకూడదు, నీరు మోటారులోకి పోతుంది.

సామాను:

వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్, రూ. 4,200
ముప్పావు అంగుళం సీపీవీసీ గొట్టం, ఎల్బో, ఎండ్ క్యాప్, రూ. 180, రాణిగంజ్‌లో
వెల్వెట్ గుడ్డ, రూ. 120
కేకు అలంకరించే గుండ్రటి టర్న్‌టేబుల్, రూ. 450
పలుచటి రబ్బరు మ్యాట్, రూ. 150

రికార్డు రంధ్రం 7 మి.మీ. పైన ఉంటుంది. 6 మి.మీ. బోల్టుకు హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడిగి వేడి చేస్తే సరిగ్గా కూర్చుంది.

నీళ్లు లాగడానికి గొట్టానికి చీలిక ఎంత పెట్టాలన్న దాంట్లోనే ఎక్కువ సమయం పోయింది.

చీలిక పొడవు 85 మి.మీ. ఎల్పీలో గాడులు ఉన్న పట్టీ దాదాపు అంతే.

చీలిక వెడల్పు 6 మి.మీ.: గాలి బాగా వస్తుంది, లాగుడు బలం లేదు. లాగాక 0.7 గ్రాముల నీరు మిగిలింది.

4 మి.మీ.: 0.3 గ్రాములు.

2 మి.మీ.: గొట్టం రికార్డుకు అతుక్కుపోయింది. టర్న్‌టేబుల్ తిరగలేదు, బలవంతంగా తిప్పితే రికార్డు మ్యాట్ మీద జారింది.

3 మి.మీ., ఎండ్ క్యాప్‌కు 5 మి.మీ. రంధ్రం: గాలి కొంచెం అటునుంచి పోతుంది కాబట్టి గొట్టం అతుక్కోదు, చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. మిగిలిన నీరు కాటాకు అందలేదు, 0.0 చూపించింది.

చివరిదే ఉంచాను. చీలికకు రెండు పక్కలా వెల్వెట్ పట్టీలు అతికించాలి. మొదట వాడిన ఫెవిక్విక్ లాంటి జిగురు గుడ్డలోకి ఇంకి రాయిలా గట్టిపడింది. అది రికార్డుకు తగిలితే గీతే. రెండు వైపులా అంటుకునే టేపు వాడాక ఆ భయం పోయింది, పైగా పట్టీలు మార్చడం సులువు. 25, 30 రికార్డులకు ఒకసారి మారుస్తున్నాను.

ఇంకో సమస్య స్టాటిక్. బాగా ఆరాలని ఐదారు చుట్లు లాగితే రికార్డుకు కరెంటు పట్టి, గదిలో దుమ్మంతా దానికే అంటుకుంది. రెండు చుట్లు చాలు. రెండో చుట్టుకే కాటా సున్నా చూపిస్తోంది, మూడోదానికి పని లేదు.

కడిగే వరుసలో కూడా ఒక తేడా కొలిచాను:

ద్రావణంతో రుద్ది వ్యాక్యూమ్, అంతటితో ఆపితే: ఎ 24.
దాని మీద ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ వ్యాక్యూమ్: ఎ 9. ముల్లు మీద గుజ్జు లేదు.

24 నుంచి 9కి దింపింది మందు కాదు, రెండో నీళ్లు. ఎవరైనా ఈ డైరీలో ఒకటే అమలు చేస్తామంటే ఆ రెండో నీళ్లు వదలొద్దని చెప్తాను. ఆ 9కి దిగిన రికార్డులో ఆలాపన మొదలవుతుంటే తంబుర వెనక నిశ్శబ్దం ఉంటుందని మొదటిసారి తెలిసింది. ఇన్నేళ్లూ అది చిటపట కింద కప్పబడిపోయి ఉంది.

ఇప్పటికి ఖర్చు: ఈ దశ 5,100. మొత్తం రూ. 9,050. కడిగినవి: 9 పాతవి మళ్లీ, 48 కొత్తవి. మొత్తం 57.

దశ 5: జిగురు పొర

తెల్ల వడ్రంగి జిగురు రికార్డు మీద పోసి, ఆరాక పొరలా లాగేస్తే మురికి దాంతోపాటు వచ్చేస్తుందని అంటారు. వస్తుంది కూడా. కానీ వానాకాలంలో పొర ఒకటిన్నర రోజైనా ఆరలేదు. పలచగా పూసిన అంచుల దగ్గర పొర చిరిగి ముక్కలు గాడిలో ఉండిపోయాయి. వాటి మీద మళ్లీ జిగురు వేసి ఆరబెట్టి లాగితే వచ్చాయి. ఒక వైపుకు జిగురు ఖర్చు, రోజు సమయం, లాగేటప్పుడు వచ్చే స్టాటిక్ లెక్కేస్తే, వ్యాక్యూమ్ కంటే రెండు మూడు టిక్కుల లాభం. ఆపేశాను.

ఖర్చు 190. మొత్తం రూ. 9,240.

దశ 6: బూజు పట్టినవి

సి రికార్డు లాంటివి 20 దాకా ఉన్నాయి. తెల్లటి చుక్కలు, కొన్నిటికి సాలెగూడులా పరుచుకున్న పొర. వీటిని మేడ మీద, ఎన్95 మాస్కు పెట్టుకుని, వేరే బ్రష్‌తో మొదలుపెట్టాలి. బూజు బ్రష్‌ను మంచి రికార్డు మీద పెట్టొద్దు.

ఆల్కహాల్ కలిపిన ద్రావణం పోసి రెండు నిమిషాలు ఉంచి, రుద్ది, వ్యాక్యూమ్. మళ్లీ అదే. తర్వాత రెండుసార్లు ఒట్టి నీళ్లు. సి: 140 పైనుంచి 38. మూడోసారి కడిగినా 38 దగ్గరే ఆగింది. పొర పోయినా బూజు కూర్చున్న చోట గాడి గోడ మీద మచ్చ ఉండిపోయింది, అది కడిగితే పోదు.

పాత కాగితం కవర్లు పారేశాను. వాటిలో బూజు ఉంటుంది, కాగితం పొట్టు కూడా రాలుతుంది. లోపల పలుచటి ప్లాస్టిక్ ఉన్న యాంటీ-స్టాటిక్ కవర్లు 100 కొన్నాను. బయటి అట్టలను ఎండలో కాసేపు ఆరబెట్టొచ్చు. రికార్డును మాత్రం ఎండలో పెట్టకూడదు, మన ఏప్రిల్ ఎండకు వంకర పోతుంది.

ఖర్చు 2,500. మొత్తం రూ. 11,740. కడిగినవి: 118.

దశ 7: 78 ప్లేట్లు

మన దేశంలో 78లు 1960లలో కూడా అచ్చయ్యాయి కాబట్టి ఇళ్లలో ఇంకా బాగానే దొరుకుతాయి. లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. గాడి పెద్దది, మురికి తియ్యడం సులువు. ప్లేటు విరగకుండా చూసుకోవడమే కష్టం.

1. నడిమి రంధ్రంలో వేలు పెట్టి ప్లేటును వేలాడదీసి, అంచున గోటితో మెల్లగా కొట్టాలి. ఖంగుమంటే బాగున్నట్టు. మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది, నీళ్లు తగలనివ్వొద్దు.
2. ఆల్కహాల్ లేని ద్రావణమే. చల్లటి నీళ్లే.
3. నానబెట్టకూడదు. పోయడం, రుద్దడం, లాగడం, అన్నీ ఒక నిమిషంలో అయిపోవాలి.
4. వ్యాక్యూమ్ గొట్టాన్ని బరువుగా ఆనించొద్దు. ప్లేటు కింద మ్యాట్ పూర్తిగా ఉండాలి.

వచ్చిన నీళ్లు కాటుకలా నల్లగా ఉన్నాయి. ఉక్కు ముల్లు అరిగిన పొడి, లక్క పొడి కలిసిన రంగది. ఒక నాదస్వరం ప్లేటు కడిగే ముందు ఇసుక మీద నడిచినట్టు మోగేది. ఇప్పుడు వెనక సన్నటి సుయ్‌మనే చప్పుడు ఉంది, అది లక్కలోని రాతిపొడిది, పోదు. నాదస్వరం మాత్రం ముందుకొచ్చింది, డోలు దెబ్బ విడిగా వినిపిస్తోంది.

ఎల్పీ ముల్లుతో 78లు వినకండి. అది గాడి అడుగున తిరుగుతూ అక్కడి చెత్తనే చదువుతుంది. 78కి 3 మిల్, అంటే దాదాపు 76 మైక్రాన్ల ముల్లు వేరే కావాలి.

కడిగినవి: 12 ప్లేట్లు. అన్నీ కలిపి 130.

కడిగినా పోనివి

బి రికార్డు దగ్గర ఎంత కష్టపడినా 71 నుంచి 52కే దిగింది. ఇళ్లలో, గుళ్లలో రోజూ పొద్దున్నే వేసిన రికార్డు అది. పాత సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు 5 గ్రాములు, అంతకు మించిన బరువుతో నడిచేవి. అరిగిన ముల్లు అంత బరువుతో గాడి గోడలను చెక్కేస్తుంది. మురికి చప్పుడు చిటపటలా ఉంటుంది. అరుగుదల అయితే "స", "శ" అక్షరాల దగ్గర చిరిగినట్టు వినిపిస్తుంది, లేబుల్ దగ్గరికి వచ్చేకొద్దీ ఎక్కువవుతుంది. ఈ రెండూ వేరు చేసుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది.

ఇంకో గుర్తు సమయం. టిక్కు సరిగ్గా 1.8 సెకన్లకొకటి వస్తుంటే అది అడ్డంగా పడిన గీత, ఎందుకంటే ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం అంతే. 45 మీద 1.33 సెకన్లు, 78 మీద 0.77. ఇలా లయగా వచ్చేవాటి కోసం రెండోసారి కడగడం మానేశాను.

ఇప్పుడు వాడుతున్న వరుస

1. కార్బన్ బ్రష్‌తో పొడి దుమ్ము.
2. లేబుల్ బిళ్లలు బిగించడం.
3. ద్రావణం 10 మి.లీ., టూత్‌బ్రష్‌తో అటు పది చుట్లు, ఇటు పది చుట్లు.
4. ఆరనివ్వకుండా వ్యాక్యూమ్, రెండు చుట్లు.
5. ఒట్టి డిస్టిల్డ్ వాటర్ 10 మి.లీ., వేరే బ్రష్.
6. వ్యాక్యూమ్, రెండు చుట్లు.
7. ఫ్యాన్ ఆపిన గదిలో గిన్నెల స్టాండులో పావుగంట నిలబెట్టి, కొత్త కవరులోకి.

రెండో వైపుకు తిప్పే ముందు మ్యాట్ మార్చాలి. లేకపోతే ఇంకా కడగని రెండో వైపు నుంచి మ్యాట్‌కు అంటిన మురికి, కడిగిన వైపుకే తిరిగి అంటుతుంది. నేను రెండు మ్యాట్లు పెట్టుకున్నాను, ఒకటి మురికి వైపుకు, ఒకటి కడిగిన వైపుకు. రికార్డుకు రెండు వైపులకూ కలిపి 12 నిమిషాలు, 40 మి.లీ. నీరు.

మిగిలిన పని

ఈపీలు అలాగే ఉన్నాయి. 7 అంగుళాల రికార్డులో గాడుల పట్టీ 30 మి.మీ. చిల్లరే కాబట్టి 85 మి.మీ. చీలిక సగం బయటే ఉండి గాలి లాగేస్తోంది. అదనపు చీలికను ఇన్సులేషన్ టేపుతో మూసి చూస్తే నీరు 0.1 గ్రాముకు దిగింది కానీ టేపు అంచు లేబుల్‌ను రాసుకుంటోంది. 35 మి.మీ. చీలికతో రెండో గొట్టం కోస్తున్నాను. వెడల్పు అదే 3 మి.మీ., క్యాప్ రంధ్రం మాత్రం ముందు 4తో మొదలుపెట్టి, గొట్టం అతుక్కుంటే పెంచుతాను.